పికప్ కమాన్లు: తక్కువ ఖర్చులో ఏది బాగుపడుతుంది, ఏది పడదు

పికప్ బండి సస్పెన్షన్‌కు ఒకదానికొకటి పొసగని రెండు పనులున్నాయి. తెల్లవారుజామున టమాటా క్రేట్లతో మదనపల్లె మార్కెట్టుకు వెళ్లేటప్పుడు అది టన్నుకు పైబడిన బరువు మోయాలి. అదే బండి మధ్యాహ్నం ఖాళీగా ఊరికి తిరిగొచ్చేటప్పుడు డ్రైవరు నడుము పట్టేయకుండా కాయాలి. కారుకు ఈ చిక్కు అంతగా లేదు. నలుగురు ఎక్కినా కారు బరువు పావు వంతుకు అటూ ఇటూగా పెరుగుతుంది. పికప్ వెనక కమాన్ల మీది బరువు మాత్రం ఖాళీకీ లోడుకీ మధ్య మూడు రెట్లకు పైగా మారగలదు. లోడు కోసం గట్టిపరిస్తే ఖాళీ ప్రయాణం కుదుపుతుంది. ఖాళీ ప్రయాణం కోసం మెత్తబరిస్తే లోడుకు బండి కుంగుతుంది. సస్పెన్షన్ మెరుగుదల అంటూ బజారులో దొరికే ప్రతిదీ ఈ రెంటి మధ్య చేసుకునే రాజీయే.

చేతిలో డబ్బు తక్కువున్న యజమానికి ఏ సామాను కొనాలన్నదాని కంటే ఏ వరుసలో ఖర్చు పెట్టాలన్నది ముఖ్యం. ముందు తూకం, కొలత. తర్వాత అరిగిన భాగాల మార్పు. అప్పటికీ లోటు మిగిలితే, ఆ లోటుకు సరిపడా మాత్రమే అదనపు బలం. ఈ వరుస తప్పినచోట ఎంత ఖరీదైన సామాను వేసినా డబ్బు రోడ్డు పాలవుతుంది.

బండ్లు, వాటి అమరిక

2005లో టాటా ఏస్ వచ్చాక చిన్న సరుకు బండి పల్లెల్లోకి పాకింది. బొలెరో పికప్, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ ఆ పైతరగతి లోడును అందుకున్నాయి. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు డీ-మాక్స్ తయారవుతోంది. దాని డబుల్ క్యాబిన్ రూపమైన వీ-క్రాస్ సరుకుతో పాటు కుటుంబాన్నీ మోస్తుంది. ధరలోనూ వాడుకలోనూ వీటి మధ్య ఎంతో దూరం ఉంది. వెనక భాగం కిందికి వంగి చూస్తే మాత్రం అన్నిటిలోనూ కనిపించేది ఒకటే అమరిక: అడ్డంగా ఒక గట్టి యాక్సిల్, దానికి రెండు వైపులా కమాన్ కట్టలు.

ముందు భాగంలో తేడాలు ఎక్కువ. తొలినాటి ఏస్‌కు ముందూ గట్టి యాక్సిల్, కమాన్లే. వీ-క్రాస్‌కు ముందు రెండు చక్రాలు విడివిడిగా కదిలే ఆర్ములు, కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. పాత తరం పికప్పులు కొన్నిటిలో కాయిల్ బదులు మెలికపడే ఇనుప కడ్డీ, అంటే టోర్షన్ బార్, స్ప్రింగు పని చేస్తుంది. వెనక భాగానికి చెప్పిన సలహా ముందు భాగానికి అలాగే వర్తించదు.

కమాను లెక్క

కమాన్ అంటే పారసీకంలో విల్లు. విల్లులా వంగిన ఉక్కు పట్టీలను పొడవు నుంచి పొట్టికి ఒకదాని కింద ఒకటి పేర్చి, నడుమ సెంటర్ బోల్టుతో బిగిస్తే కమాన్ కట్ట అవుతుంది. 1804లో లండన్‌లో ఒబాడయా ఇలియట్ గుర్రపు బండ్ల కోసం ఇలాంటి కమాన్లకు పేటెంటు పొందాడు. మన జట్కా బండ్లకూ కింద కమాన్లే ఉండేవి. కార్లలో కాయిల్ స్ప్రింగులు వచ్చినా సరుకు బండ్లలో కమాను నిలిచిపోవడానికి గట్టి కారణాలున్నాయి. అది బరువు మోస్తుంది, యాక్సిల్‌ను దాని చోట పట్టి ఉంచుతుంది, పట్టీల మధ్య రాపిడితో ఊగిసలాటను కొంత తగ్గిస్తుంది, బరువును చాసిస్ మీద రెండు చోట్లకు పంచుతుంది. పైగా ఏ చిన్న పట్టణంలోనైనా దాన్ని విప్పి బిగించే మనిషి దొరుకుతాడు.

కమాను గట్టిదనం నాలుగింటి మీద ఆధారపడుతుంది: పట్టీల సంఖ్య, వెడల్పు, మందం, పొడవు. సంఖ్య, వెడల్పు ఎంత పెరిగితే గట్టిదనం అంతే పెరుగుతుంది. మందం, పొడవు అలా కావు. వాటి ప్రభావం ఘనంలో, అంటే మూడోఘాతంలో ఉంటుంది. ఒకే మందం పట్టీలు ఐదున్నచోట ఆరోది కలిపితే గట్టిదనం సుమారు 20 శాతం పెరుగుతుంది. అవే ఐదు పట్టీలను 7 మిల్లీమీటర్ల మందం నుంచి 8కి మారిస్తే గట్టిదనం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఒక్క మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు, నడుముకు ఆనుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. ఒక్కో వెనక కమాను మీద ఖాళీగా 250 కిలోలు, లోడుతో 850 కిలోలు పడుతున్నాయనుకుందాం. కమాను ప్రతి 8 కిలోలకు ఒక మిల్లీమీటరు కుంగుతుందనుకుంటే, ఖాళీగా 31, లోడుతో 106 మిల్లీమీటర్లు కుంగుతుంది. 15.8ను ఈ కుంగుదల వర్గమూలంతో భాగిస్తే బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. లోడుతో అది 1.5 సార్లు, ఖాళీగా 2.8 సార్లు. సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్ల ఊగు మనిషికి హాయిగా ఉంటుంది. లోడు వేసిన పికప్ మెత్తగా సాగడానికీ, ఖాళీ పికప్ ఎగిరెగిరి పడటానికీ ఇదే కారణం. ఇప్పుడు ఆరో పట్టీ కలిపితే లోడులో కుంగుదల 106 నుంచి 88 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ఖాళీ బండి ఊగు మాత్రం 2.8 నుంచి 3.1కి పెరుగుతుంది. లోడులో దొరికిన 18 మిల్లీమీటర్ల ఎత్తుకు ఖాళీ ప్రయాణంలో కట్టాల్సిన వెల అది.

ఈ వెలను తగ్గించే ఉపాయం చాలా బండ్లలో కంపెనీయే పెట్టి ఉంటుంది. కట్ట అడుగున దాదాపు చదునుగా, మందంగా ఉండే హెల్పర్ పట్టీ ఖాళీ బండిలో పైవాటికి తగలకుండా ఉంటుంది. బండి కొంత కుంగాకే పై పట్టీలు దాని మీద ఆనుతాయి. అక్కడి నుంచి కమాను గట్టిపడుతుంది. ఏ కొత్త సామాను ఎంచుకునేటప్పుడైనా పరీక్ష ఇదే: ఖాళీలో దూరంగా ఉండి, లోడులో మాత్రమే పనిలోకి వస్తుందా?

ముందు తూకం, కొలత

రూపాయి ఖర్చు పెట్టే ముందు చేయవలసిన పని వేబ్రిడ్జి ఎక్కించడం. రోజూ వేసే లోడుతోనే బండిని కాటా మీదికి తేవాలి. మొదట ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒక తూకం, తర్వాత బండి మొత్తానికి ఇంకో తూకం వేయించాలి. రెంటి తేడా వెనక యాక్సిల్ మీది బరువు. మొత్తం తూకాన్ని ఆర్‌సీలోని గరిష్ఠ బరువుతో పోల్చాలి. తూకం ఆ హద్దు దాటి ఉంటే అసలు జబ్బు లోడుది. దానికి కమాను మందు కాదు.

తర్వాత టేపు పట్టి ఎత్తు చూడాలి. సమతలం మీద బండి నిలిపి, చక్రం నడిబొడ్డు నుంచి నిలువుగా పైనున్న మడ్‌గార్డు అంచు దాకా నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాసుకోవాలి. వెనక చక్రాల దగ్గర మడ్‌గార్డు వీలు కాకపోతే బాడీ అడుగు అంచును గుర్తుగా తీసుకోవచ్చు. ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి కొలవాలి. కుడి ఎడమల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపిస్తే ఒక పక్క కట్ట అలిసిపోయిందనో, పట్టీ విరిగిందనో అర్థం. చక్రం నడిబొడ్డు నుంచి కొలవడంలో ఒక మేలుంది: టైరు గాలి, అరుగుదల ఈ లెక్కలో కలవవు.

మూడో కొలత బంప్ స్టాపర్‌ది. యాక్సిల్‌కూ చాసిస్‌కూ మధ్య ఉండే ఈ రబ్బరు ముద్దకు, యాక్సిల్‌కు మధ్య లోడుతో ఎంత ఖాళీ మిగులుతోందో చూడాలి. రబ్బరు నలిగి మెరుస్తూనో పగిలిపోయో ఉంటే యాక్సిల్ రోజూ దాన్ని గుద్దుతోందని తెలుస్తుంది. హద్దు లోపలి లోడుతోనే ఇలా జరుగుతుంటే కమాన్లకు పని చెప్పాలి.

అరిగినదాన్ని నిలబెట్టడం

సస్పెన్షన్ బలహీనమైందని వచ్చే బండ్లలో చాలావాటికి కావలసింది కొత్త బలం కాదు. పోయిన పాత బలం తిరిగి వస్తే చాలు. ఖర్చులో ఇదే అన్నిటికంటే చవక, ఫలితంలో అన్నిటికంటే ఎక్కువ.

కమాను రెండు కొసల కళ్లలోనూ, ఒక కొసను చాసిస్‌కు వేలాడదీసే షాకిల్‌లోనూ బుష్‌లుంటాయి. ఇనుప గడ్డపార పెట్టి కన్ను దగ్గర ఎత్తి చూస్తే, అరిగిన బుష్ టకటకమంటూ కదులుతుంది. బుష్ అరిగితే యాక్సిల్ తిన్నగా నిలవక బండి వెనక భాగం పక్కలకు జరుగుతుంది, స్టీరింగ్ పదేపదే సరిచేయాల్సి వస్తుంది. రబ్బరు బుష్‌లు వేశాక బోల్టులను ఆఖరుగా బిగించే పని బండి బరువు చక్రాల మీద పడ్డాకే చేయాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు మెలికపడి ఆ మెలికలోనే ఉండిపోతుంది. కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. కొత్త బుష్‌లు త్వరగా పోయాయని సామానును తిట్టేచోట తరచు తప్పు ఈ బిగింపుదే.

యూ-బోల్టులు కమాన్ కట్టను యాక్సిల్‌కు కట్టి ఉంచుతాయి. అవి వదులైతే బరువంతా నడిమి సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది. తెగితే యాక్సిల్ ఒక పక్కకు జరిగిపోతుంది. కట్ట విప్పినప్పుడు పాత యూ-బోల్టులే మళ్లీ వేయకూడదు. ఒకసారి గట్టిగా బిగించినవి సాగి ఉంటాయి. కొత్తవి వేసి, కంపెనీ చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించి, 500 నుంచి 1,000 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించాలి. ఈ రెండో బిగింపుకు పైసా ఖర్చు లేదు. ఎక్కువమంది మరిచేదీ ఇదే.

పట్టీల సంగతి చూడాలంటే కట్ట విప్పాలి. భీమవరం, ఆకివీడు వైపు చేపలు, రొయ్యలు మోసే బండ్లలో ఐస్ కరిగిన ఉప్పునీరు బాడీ సందుల్లోంచి నేరుగా కమాన్ల మీద కారుతుంది. విప్పితే పట్టీల మధ్య ఎర్రటి పొరలు పొరలుగా తుప్పు ఊడిపడుతుంది. తుప్పు ఉక్కు కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక పట్టీలను విడదీస్తుంది. గీరి తుడిచిన పట్టీ మీద వేలు పెట్టి జరిపితే సన్నని గుంటలు తగులుతాయి. పగులు మొదలయ్యేది అక్కడే. ప్రతి పట్టీ కొస పై పట్టీని రాస్తూ చేసిన గాడి ఇంకో బలహీన స్థలం. గాడి లోతుగా దిగిన పట్టీని మార్చాలి. తక్కినవాటిని వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, పల్చగా గ్రాఫైట్ గ్రీజు రాసి బిగిస్తే కట్ట మళ్లీ సాఫీగా జారుతుంది. కొసల్లో ప్లాస్టిక్ లైనర్లున్న కట్టలకు గ్రీజు అక్కర్లేదు, లైనర్లు మారిస్తే చాలు. పాత ఇంజిన్ ఆయిల్‌ను కమాన్ల మీద చిమ్మే అలవాటు మానుకోవాలి. ఆ నూనె తగిలిన బుష్ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, దుమ్ము అంటి పట్టీల మధ్య ఆకురాయిలా పనిచేస్తుంది.

పట్టీ కలపడం, వంపు కొట్టించడం

నిలబెట్టిన కమాన్లతో, హద్దు లోపలి లోడుతో కూడా బండి కుంగుతుంటే అప్పుడు అదనపు పట్టీ ప్రస్తావన వస్తుంది. ఊళ్లలో దొరికే మెరుగుదలల్లో ఇది చవకైనది, నమ్మదగినది. అయితే పట్టీలన్నీ ఒకటి కావు. మెయిన్ పట్టీకి దగ్గరి పొడవున్నది కలిపితే బరువు కట్ట అంతటా పరుచుకుంటుంది. పొట్టిది కలిపితే నడిమి భాగం మాత్రమే గట్టిపడి, ఆ పొట్టి పట్టీ కొస దగ్గర పై పట్టీకి వంపు ఒత్తిడి పోగవుతుంది. విరగడం అక్కడే జరుగుతుంది. కలిపే పట్టీ రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒక పక్క కుంగిందని ఆ పక్కకే పట్టీ వేస్తే బండి నిటారుగా కనిపించినా బ్రేకులోనూ మలుపులోనూ రెండు వైపులా రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది.

తుక్కు లారీ కమాను నుంచి మందపాటి పట్టీ కోసి పికప్ కట్టలో వేయడం ఇంకో అలవాటు. ఒకే వంపు తిరిగేటప్పుడు పట్టీ ఎంత మందమైతే దాని పైపొర అంత ఎక్కువ సాగాలి. కలిసి వంగే కట్టలో మందపాటి పట్టీయే ఎక్కువ ఒత్తిడికి లోనై ముందు విరుగుతుంది. కమాను ఉక్కులో సిలికాన్ వంటివి కలిపి ఉంటాయి. దాన్ని సుమారు 850 డిగ్రీల పైన కాచి నూనెలో ముంచుతారు, మళ్లీ 400 నుంచి 500 డిగ్రీల దగ్గర వేడి చేసి పదును సరిచేస్తారు. ఆ ఉక్కు బలమంతా ఈ పదునులోనే ఉంది. పాత కమాను ముక్కతో కమ్మరి కొడవలో గొడ్డలో చేసేటప్పుడు దాన్ని ఎర్రగా కాచి, కొట్టి, మళ్లీ తన చేత్తో పదును పెడతాడు. గ్యాస్ మంటతో పట్టీని కాచి వంపు పెంచి అలాగే వదిలేసే చోట ఆ రెండో పని జరగదు. ఆ పట్టీ తొలి వారం ఎత్తుగా నిలిచి, తర్వాత కుంగిపోతుంది, లేదా కాచిన చోటే విరుగుతుంది.

కాచకుండా ప్రెస్సు మీదో సుత్తితోనో చల్లగానే వంపు కొట్టించడం దాని కంటే మేలు. అయినా అలిసిన ఉక్కుకు వయసు తగ్గదు. పట్టీలు తుప్పు, గాడి లేకుండా ఉండి, కేవలం వంపు తగ్గిన కట్టకు ఇది కొంతకాలం గడుస్తుంది. సగానికి పైగా పట్టీలు దెబ్బతిన్నప్పుడు, పేరున్న తయారీదారు చేసిన కొత్త కట్ట జత కొనడమే చివరికి చవక. విడివిడిగా పట్టీలు మారుస్తూ పోతే కూలి ఖర్చే కొత్త కట్టను దాటుతుంది.

షాకబ్జర్లు

షాకబ్జర్ బరువు మోయదు. కమాను దాచుకున్న కుదుపు శక్తిని నూనెలో వేడిగా మార్చి ఊగును ఆపడం దాని పని. లోడుకు కుంగే బండికి ఖరీదైన షాకబ్జర్లు వేయించినా ఒక్క మిల్లీమీటరు ఎత్తు రాదు. అలాగే ఖాళీగా ఎగిరే బండికి పట్టీలు కలిపినా ఎగురుడు పెరుగుతుందే గాని తగ్గదు. ఈ రెండు జబ్బులనూ ఒకటిగా చూడటం వల్లే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది.

పరీక్ష తేలిక. బండి మూలను గట్టిగా నొక్కి వదిలితే అది పైకి లేచి ఒకసారి కిందికి వచ్చి ఆగాలి. రెండు మూడు సార్లు ఊగితే, లేదా గొట్టం మీద నూనె కారి మట్టి పేరుకుంటే షాకబ్జర్ పోయినట్టే. గట్టి కమాన్లున్న పికప్ వెనక భాగాన్ని చేత్తో నొక్కలేకపోతే స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక ఎన్నిసార్లు ఊగిందో చూస్తే సరిపోతుంది.

గతుకుల మట్టిరోడ్డు మీద ఎక్కువసేపు నడిస్తే మామూలు నూనె షాకబ్జర్‌లో నూనె నురగ కట్టి పట్టు తగ్గుతుంది. తక్కువ ఒత్తిడితో నైట్రోజన్ నింపిన గ్యాస్ షాకబ్జర్‌లో ఈ నురగ తగ్గుతుంది. ధరలో కొద్దిపాటి తేడాకు దొరికే నిజమైన మెరుగుదల ఇది. జతగానే మార్చాలి. పట్టీ కలిపి బండి ఎత్తు పెరిగినచోట పాత షాకబ్జర్ పొడవు చాలుతుందో లేదో చూసుకోవాలి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు షాకబ్జర్ ముందే చివరికంటా సాగిపోతే, ప్రతి గుంతలోనూ దాని కొక్కెమే దెబ్బ తింటుంది.

రబ్బరు, గాలి

బంప్ స్టాపర్ స్థానంలో పొడవాటి బోలు రబ్బరు స్ప్రింగు పెట్టే పద్ధతి అమెరికా, కెనడాల్లో బాగా వ్యాపించింది. ఖాళీ బండిలో అది యాక్సిల్‌కు తగలదు, లేదా అంచుగా తగులుతుంది. లోడు పడే కొద్దీ నలిగి గట్టిపడుతుంది. పైన చెప్పిన పరీక్ష నెగ్గే సామాను ఇది. గాలి నింపే పని లేదు, కారిపోయేది లేదు. బండికి సరిపోయే కొలతలో దొరికితే బిగించడం గంట పని.

ఎయిర్ బ్యాగులు ఇంకో అడుగు ముందు. యాక్సిల్‌కూ చాసిస్‌కూ మధ్య రబ్బరు బుడగ పెట్టి, లోడును బట్టి గాలి పెంచడం, దించాక తగ్గించడం. లోడు రోజుకో రకంగా మారే బండికి ఇంతకంటే అనువైనది లేదు. రోజూ గాలి చూసుకునే ఓపిక లేని డ్రైవరుకు ఇంతకంటే బరువైనదీ లేదు. గాలి పూర్తిగా తీసేసి తిప్పితే బుడగ మడతపడి చిరుగుతుంది. ఇంకా పెద్ద ప్రమాదం ఒకటుంది. కమాను బరువును చాసిస్ మీద రెండు కొసలకు పంచుతుంది, ఎయిర్ బ్యాగు నడుమ ఒక్క చోటే మోపుతుంది. యాక్సిల్ వెనకకు ఎక్కువ బరువు వేలాడుతుండగా బ్యాగును గట్టిగా నింపితే చాసిస్ ఆ చోటే వంగగలదు. ఆస్ట్రేలియాలో వెనక బరువైన ట్రెయిలర్లు లాగే డబుల్ క్యాబిన్ పికప్పులు ఇలా నడుము వంగిన సందర్భాలున్నాయి.

ఎత్తు వేరు, బలం వేరు

బండిని ఎత్తుగా చూపించే మార్గాలు చవకగా దొరుకుతాయి. అవి బలం ఇస్తాయనుకోవడం పొరపాటు. పొడవాటి షాకిల్ వేస్తే, పెరిగిన పొడవులో సుమారు సగం ఎత్తు వస్తుంది: 50 మిల్లీమీటర్ల షాకిల్‌కు 25 మిల్లీమీటర్ల ఎత్తు. కమాను గట్టిదనం ఏమీ మారదు. యాక్సిల్ కొద్దిగా తిరిగి, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్ల కోణం మారి అదురు మొదలు కావచ్చు. యాక్సిల్‌కూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టడం మరో పద్ధతి. దిమ్మ ఎత్తు పెరిగిన కొద్దీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ మెలితిరిగే శక్తి కమాను మీద పెరుగుతుంది. దిమ్మ మీద దిమ్మ ఎక్కించడం, ముందు యాక్సిల్‌కు దిమ్మ పెట్టడం ప్రాణాలతో చెలగాటం.

ముందు టోర్షన్ బార్ ఉన్న బండిలో సర్దుబాటు బోల్టు తిప్పి ఎత్తు పెంచడం దాదాపు ఉచితం. కడ్డీ గట్టిదనం మారదు. చక్రం కిందికి దిగే వీలు మాత్రం తగ్గి, గుంత రాగానే ఆర్ము కింది హద్దును గుద్దుతుంది. కాయిల్ ఉన్న బండిలో స్ట్రట్ పైన స్పేసర్ పెట్టినా అదే కథ. లివర్ నిష్పత్తి వల్ల చక్రం దగ్గర వచ్చే ఎత్తు స్పేసర్ మందం కంటే బాగా ఎక్కువ ఉంటుంది. ఏది చేసినా వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల సర్దుబాటు ఆ ఖర్చులోనే కలిపి లెక్కేసుకోవాలి.

టైర్లు, సరుకు పేర్చే తీరు

గుంతను ముందుగా ఎదుర్కొనే స్ప్రింగు టైరులోని గాలి. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీదో, బండితో వచ్చిన పుస్తకంలోనో ఖాళీకి ఒక అంకె, లోడుకు ఒక అంకె ఇస్తారు. లోడు గాలితోనే ఖాళీగా తిప్పితే ఎంత మంచి కమానూ ఎగరక మానదు. తక్కువ గాలితో లోడు వేస్తే టైరు పక్కగోడ వేడెక్కి పేలుతుంది. టైరు మీద అచ్చయిన లోడు అంకె యాక్సిల్ బరువుకు చాలాలి. ఇక్కడ ఆదా చేయకూడదు.

సరుకు ఎక్కడ పెడతారన్నదీ సస్పెన్షన్‌లో భాగమే. చక్రాల మధ్య 3 మీటర్ల దూరమున్న బండిలో వెనక యాక్సిల్‌కు మీటరు వెనకగా 200 కిలోలు పెడితే, ఆ యాక్సిల్ మీద 267 కిలోలు పడతాయి. అదనపు 67 కిలోలు ముందు చక్రాల నుంచి తేలిపోతాయి. స్టీరింగ్ తేలికైపోవడం, రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడటం అందుకే. తాండూరు బండల్లాంటి బరువు సరుకును క్యాబిన్ వైపు, యాక్సిల్‌కు ముందుగా పేర్చి, తేలికవి వెనక పెట్టుకుంటే ఒక పట్టీ కలిపినంత ఫలితం ఉచితంగా వస్తుంది.

బ్రేకులు, చట్టం, హద్దు

చాలా పికప్పుల్లో వెనక యాక్సిల్‌కూ చాసిస్‌కూ మధ్య ఒక సన్నని కడ్డీ ఉంటుంది. దాని పైకొస ఎల్‌ఎస్‌పీవీ అనే వాల్వ్‌కు కలుస్తుంది. బండి ఎంత కుంగితే లోడు అంత ఉందని గ్రహించి, ఆ వాల్వ్ వెనక బ్రేకులకు అంత ఒత్తిడి పంపుతుంది. పట్టీ కలిపో ఎయిర్ బ్యాగు పెట్టో బండిని కుంగకుండా చేస్తే, పూర్తి లోడులోనూ ఆ వాల్వ్ బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకులకు కోత పెడుతుంది. సస్పెన్షన్ పని ఏది చేసినా ఈ కడ్డీని కొత్త ఎత్తుకు సరిచేయించాలి. కమాను పని చేసేచోట ఈ మాట యజమానే గుర్తుచేయడం మంచిది, ఎందుకంటే తప్పు బయటపడేది వర్షంలో సడన్ బ్రేక్ వేసినప్పుడే.

చట్టం సంగతి కూడా తేటగా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి తేడాపడేలా బండిని మార్చకూడదు. అరిగిన భాగం స్థానంలో అదే కొలత కొత్తది వేయడం మార్పు కిందికి రాదు. అనుమతి లేని మార్పుకు 2019 సవరణ ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానాతో పాటు ఆరు నెలల వరకు జైలుకూ వీలు కల్పించింది. అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైన హద్దు ఉక్కుది. బండి గరిష్ఠ బరువును కమాను ఒక్కటే నిర్ణయించదు. యాక్సిల్ గొట్టం, చక్రం బేరింగులు, బ్రేకులు, టైర్లు, చాసిస్ అన్నీ కలిపి వేసిన లెక్క అది. కమానును గట్టిపరిస్తే మిగిలినవి గట్టిపడవు. అంతవరకు కుంగుతూ హెచ్చరించిన బండి ఇక హెచ్చరించడం మానేస్తుంది, అంతే. నష్టం రోడ్డుకూ ఉంది. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయిలో జరిగిన పెద్ద రోడ్డు ప్రయోగం నుంచి తేలిన సూత్రం ప్రకారం, రోడ్డు అరుగుదల యాక్సిల్ బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు 20 శాతం పెరిగితే అరుగుదల రెట్టింపు దాటుతుంది. ఆ గుంతలే తిరిగి అదే బండి కమాన్లను విరుస్తాయి.

ఖర్చు వరుస

రోజూ హద్దు దగ్గరి లోడుతో తిరిగే కూరగాయల, చేపల బండికి వరుస ఇది: వేబ్రిడ్జి తూకం, బుష్‌లు, యూ-బోల్టులు, పట్టీల శుభ్రత, పోయిన షాకబ్జర్లు. ఇవన్నీ అయ్యాకా కుంగితే రెండు వైపులా ఒక పొడవాటి పట్టీ, దానితో పాటే ఎల్‌ఎస్‌పీవీ సర్దుబాటు. ఉప్పునీటి బండికి ప్రతి పని తర్వాత కమాన్లను మంచినీటితో కడగడం వీటన్నిటి కంటే ముందు వస్తుంది.

వారంలో రెండు రోజులు లోడు, తక్కిన రోజులు ఖాళీగా తిరిగే బండికి పట్టీ కలపకపోవడమే మంచిది. లోడులో మాత్రమే తగిలే హెల్పర్ పట్టీ గాని రబ్బరు స్ప్రింగు గాని, వాటితో పాటు గ్యాస్ షాకబ్జర్లు చాలు. రోజూ గాలి చూసుకునే యజమానికి ఎయిర్ బ్యాగు పనికొస్తుంది. ఎక్కువగా మనుషులను మోసే డబుల్ క్యాబిన్ బండికి షాకబ్జర్లు, టైరు గాలి, అలైన్‌మెంట్ సరిచేశాక మిగిలే ఇబ్బంది చాలా తక్కువ.

మూడు వరుసల్లోనూ మొదటి మెట్లు వందల్లో, కొద్ది వేలల్లో పూర్తవుతాయి. పదివేలు దాటే సామాను చివరి మెట్టులోనే వస్తుంది. అక్కడిదాకా వరుస తప్పకుండా వచ్చిన బండ్లలో చాలావాటికి ఆ చివరి మెట్టు ఎక్కే అవసరమే ఉండదు.